వాల్వు వేడెక్కేదాకా

కరీంనగర్‌లో పద్మలత దుకాణం తెరిచిందంటే ముందు పుస్తకాలకు ఎండ తగలాలి. అరుగు మీద పాత చీర పరిచి, వాటిని వరసగా విప్పి పెడుతుంది. అన్నీ రేడియో పుస్తకాలే. హ్యామ్ రేడియో హ్యాండ్‌బుక్కులు, పాత రేడియోల్లో బల్బుల్లా వెలిగే గాజు వాల్వుల వివరాలు రాసిన లావుపాటి సంపుటాలు, అట్టలూడిన పత్రికలు. కొన్నింటిని చెద సగం తిని వదిలేసి ఉంటుంది, కొన్నింటిలో ఎవరింటి పిల్లలో సర్క్యూట్ బొమ్మలకు మీసాలు దిద్ది ఉంటారు. ఎండ తగిలాక దుమ్ము దులిపి, వేపాకు పొడి చల్లి, ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. పెట్టీ పెట్టగానే నాకంటే నాకని తగాదా మొదలవుతుంది.

ఆ గ్రూపులో ఉన్నవాళ్లంతా ఒక రకం మనుషులు. ఇంటి మీద తీగ కట్టుకుని, సొంతంగా బిగించుకున్న పెట్టె ముందు కూర్చుని, ఎక్కడో ఊరూ పేరూ తెలియని మనిషిని "వినపడుతోందా?" అని అడుగుతారు. వినపడిందని జవాబొస్తే ఇంట్లో పెళ్లి జరిగినంత సంబరపడతారు. జేబులో ఫోన్ పెట్టుకుని ఇదేం పిచ్చి అని వాళ్ల ఇళ్లలో అడుగుతూనే ఉంటారు. పద్మలత మాత్రం ఏనాడూ అడగలేదు. ఎవరికి ఏ పుస్తకం కావాలో, ఎవరి పెట్టెలో ఏ వాల్వు చచ్చిందో ఆమెకు చుట్టాల పుట్టినరోజుల కంటే బాగా గుర్తుంటుంది. పాత సామాను కొట్లు, మూతబడ్డ బడుల లైబ్రరీలు, రిటైరైన మాస్టార్ల అటకలు, అన్నీ వెతుకుతుంది. నేతపని వదిలి రేడియోలు బాగుచేసిన బాపు పోయాక దుకాణం ఆమెకు వచ్చింది. పెళ్లి సంగతి అడిగీ అడిగీ చుట్టాలే అలిసిపోయి ఊరుకున్నారు. ఇంట్లో ఆమె, అవ్వ అని పిలిచే తల్లి.

ఇక ఆమె చెయ్యి సంగతి. బతికున్న వాల్వును పద్మలత గుప్పిట్లో పెడితే వెలుగుతుంది. తీగ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. చచ్చిన వాల్వయితే వెలగదు. అంతే. ఖరీదైన మీటర్లున్న వాళ్లు కూడా "ఎందుకైనా మంచిది, అక్క చేతుల ఒకసారి పెడదాం" అని వస్తారు. వచ్చినవాళ్లకు ఉన్న ఫిర్యాదల్లా ఒకటే, ఆలస్యం. వాల్వన్నాక వేడెక్కాలి కదా. గాజులోపల చుక్కంత వెలుగు పుట్టడానికి తీరిగ్గా ఒక చాయ్ తాగినంత సేపు పడుతుంది. మీట నొక్కగానే అన్నీ జరిగిపోవాలనుకునే కుర్రాళ్లు ఆ కాసేపటికే గిలగిల్లాడిపోతారు.

ఆమె తమ్ముడు సుధాకర్ కూడా అలాంటివాడే. కొన్నాళ్లు పవర్‌లూమ్ నడిపాడు, కొన్నాళ్లు ఆటో తోలాడు, చివరికి మందమర్రి పోయి ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. "అక్కకు చెయ్యి ఇచ్చిండు దేవుడు, నాకు నోరిచ్చిండు" అని నవ్వేవాడు. నిజమే, ఆ నోటికి ఏ ఇంటి తలుపైనా తెరుచుకునేది.

ఏడాదిగా జిల్లాల్లో ఒక పుకారు తిరుగుతోంది. పాత వాల్వు రేడియోల్లో ఎర్ర పాదరసం ఉంటుందట. అద్దంలో కనపడదట, ఎల్లిగడ్డ పాయను దగ్గర పెడితే దూరం జరుగుతుందట, ఒక్క బొట్టు ఉంటే ఎంతటి రోగమైనా ఎగిరిపోతుందట. అంతే, అటకల మీద ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని పెట్టెలన్నిటికీ కాలం మూడింది. కొనేవాళ్లు కొన్నారు, కొన్నచోటే సుత్తి పెట్టి పగలగొట్టారు. పద్మలత పోయిన నెల చూసి, బేరం చేసి, మళ్లీ వస్తానని చెప్పిన సెట్టు ఈ నెల ముక్కలై కనపడేది. "అట్లాంటిది లేదు, ఎవరో ఆడుకుంటుండ్రు" అని ఆమె చెప్పని మనిషి లేడు. "లేదంటున్నదంటే ఆమె దగ్గరనే ఉన్నట్టు" అన్నారు జనం.

ఒక్కటి మాత్రం ఆమె మరిచిపోయింది. దసరాకు సుధాకర్ ఇంటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒక పెద్ద వాల్వు ఉంది. చొప్పదండిలో ఉండే లక్ష్మీకాంతరావుగారి ట్రాన్స్‌మిటర్‌లోది, పరీక్ష చేసిపెట్టమని ఇచ్చాడు. అది అందరి వాల్వుల్లా నారింజరంగులో వెలగదు, నీలంగా వెలుగుతుంది. గాజు అడుగున వెండిబొట్టు ఒకటి అటూ ఇటూ దొర్లుతుంది.

"గిదేందే అక్కా?" అన్నాడు సుధాకర్.

"పాదరసం. కొన్నింట్ల ఉంటది" అంది పద్మలత, పని మీద ధ్యాసతో. తమ్ముడు ఆ బొట్టును అంతసేపు ఎందుకు చూశాడో ఆమె పట్టించుకోలేదు.

*

దసరా పోయి చలి ముదిరాక ఒక రోజు పద్మలత సంతోషంగా ఉంది. రెండేళ్లుగా వెతుకుతున్న హ్యాండ్‌బుక్ దొరికింది. ఒక పాత ఇనుప సామాను కొట్టులో, తక్కెడలో అప్పటికే తూకానికి పడి ఉండగా, చేత్తో లాగింది. లక్ష్మీకాంతరావుగారి ట్రాన్స్‌మిటర్‌ సర్క్యూట్ ఉన్నది ఆ ఒక్క పుస్తకంలోనే. పెద్దాయన కుర్రతనంలో లైసెన్సు తీసుకుని, ఆ బొమ్మ చూసే పెట్టె కట్టుకున్నాడు. పుస్తకం ఎవరికో అరువిచ్చి పోగొట్టుకున్నాడు. పెట్టె మూగబోయి చాలా కాలమైంది, బొమ్మ లేకుండా దాన్ని విప్పే ధైర్యం ఆయనకూ లేదు, ఆమెకూ లేదు.

చొప్పదండిలో ఆయన పుస్తకాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. బొమ్మ ఉన్న పేజీ దగ్గర ఆగి, "గిదే పద్మా, గిదే" అన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. సుధాకర్.

"అక్కా" అన్నాడు. "దసరాకు నీ దగ్గరున్న నీలం వాల్వులు... ఆ పెట్టె... తీస్కొని ఆదిలాబాద్ రావాలె నువ్వు. ఇయ్యాలనే. పోలీసులకు చెప్పకు. నేను కూడా దీంట్ల ఉన్ననే."

"దేంట్ల రా? యాడున్నవ్?"

ఫోన్ చేయి మారింది. ఈసారి తేనె పూసినట్టున్న గొంతు. "నమస్తే అక్కా. నా పేరు రంజిత్. దేవదాస్ సేట్ పత్తి జిన్నింగ్ మిల్లుల ఉన్నం. ఎర్ర పాదరసం చూపిస్తనని నీ తమ్ముడు సేట్‌కు మాటిచ్చిండు. రెండ్రోజులైంది, చూపియ్యలే. సేట్ గరమైండు. పొద్దుగూకే వరకు పెట్టె రాకపోతే నీ తమ్ముని చెయ్యి మిషన్ల పెడ్తరట. జర జల్ది రా." వెనక ఏదో పెద్ద యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపించి, ఫోన్ ఆగిపోయింది.

విన్నదంతా పద్మలత ఆయనకు చెప్పింది. "పోలీసులకు చెప్దామా?" అన్నాడు లక్ష్మీకాంతరావు.

"వాళ్లు పోయేసరికి చెయ్యి పోతది సారూ. వాడు కూడా తప్పుల ఉన్నడట." ఆమె పెట్టె వైపు చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది. చిన్న ట్రంకుపెట్టె అంత ఉంటుంది. ఆయన వయసంతా దాని ముందే గడిచింది. అడగడానికి నోరు రాలేదు.

ఆయనే లేచాడు. "తీస్కపో బిడ్డా. పెట్టె పోతే మళ్ల కట్టుకుంట. పుస్తకం దొరికింది గద. తమ్మున్ని మళ్ల కట్టుకోలేం."

ఆ నీలం వాల్వులను నిలబెట్టే తీసుకుపోవాలి, పడుకోబెడితే పాదరసం చిట్లి లోపలి తీగ పాడవుతుంది. పెట్టెను బస్సు డిక్కీలో వేయించి, రెండు వాల్వులనూ తువ్వాలులో చుట్టి, చంటిపిల్లల్లా ఒడిలో నిలబెట్టుకుని కరీంనగర్‌లో ఆదిలాబాద్ బస్సెక్కింది పద్మలత. అవ్వకు ఫోన్ చేసి, తమ్ముడు కనపడటం లేదట, వెతకడానికి పోతున్నానని మాత్రం చెప్పింది. అబద్ధం చెప్పడం రాని మనిషి, సగం నిజంతో సరిపెట్టింది.

జగిత్యాల దాటింది. నిర్మల్ దాటింది. ఘాట్ రోడ్డు మీద పత్తి లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయి, ముందు వరసంతా నిలిచిపోయింది. డ్రైవర్లు దిగి బీడీలు ముట్టించారు. ఎండ చెట్ల వెనక్కి జరుగుతూ ఉంటే ఆమె కండక్టర్‌ను అడిగిందే అడిగింది.

"ఎప్పుడు కదుల్తది తమ్మీ?"

"లారీ కదిలినంక" అన్నాడు కండక్టర్, తప్పు లేకుండా.

ఒడిలో ఆమె బిగించి పట్టుకున్న వాల్వు ఒకటి తువ్వాలులోనే నీలంగా వెలిగింది. పక్కసీటు ముసలాయన దాని వైపు చూసి, "పాత వాల్వా? మాది మా అల్లుడు అమ్ముకున్నడు, పగలగొట్టిండ్రు" అని నిట్టూర్చి కళ్లు మూసుకున్నాడు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. సుధాకర్ చేతులు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు జ్వరంలో ఆమె కొంగు పట్టుకుని నిద్రపోయిన చేతులు. పిచ్చోడు, వెధవ, ఎందుకు పోయి ఇరుక్కున్నాడు అని తిట్టుకుంటూనే, వాడికి ఏమీ కాకూడదని మొక్కుకుంది.

*

ఆదిలాబాద్‌లో దిగి ఆటో ఎక్కింది. దేవదాస్ సేట్ మిల్లు ఊరి చివర ఉంది. ఈసారి పత్తి కొనలేదు, మిల్లు దాదాపు మూసేసినట్టే. గేటు దగ్గర ఇద్దరు మనుషులు చలిమంట కాచుకుంటున్నారు. ఆదిలాబాద్ చలి అలాంటిది, పొద్దు వాలకముందే ఎముకలు కొరుకుతుంది. మంటలో కాలుతున్నవేమిటో చూసి పద్మలత ఆగిపోయింది. రేడియో పుస్తకాలు. హ్యాండ్‌బుక్కుల పేజీలు చింపి చింపి వేస్తున్నారు. ఆ అట్ట ఆమెకు తెలుసు, దానికోసం నాగపూర్ నుంచి ఒకాయన ఏడాదిగా అడుగుతున్నాడు. అది తీసుకోవడానికి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ఆమె వచ్చింది పుస్తకం కోసం కాదు. ఆటోలోంచి పెట్టెను ఆ మనుషులతోనే లోపలికి మోయించింది.

లోపల గోదాములో, పత్తి ఉండాల్సిన చోట రేడియోలు కుప్ప పోసి ఉన్నాయి. చెక్కపెట్టెలు పగిలి, గుడ్డలు చిరిగి, తీగలు బయటికి లాగి ఉన్నాయి. జిల్లాలో ఎన్ని ఇళ్లలో పొద్దున్నే వార్తలు చెప్పాయో, అవన్నీ అక్కడే ఉన్నట్టున్నాయి. కుప్ప పక్కనే పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిషన్. దాని ముందర బల్లకు సుధాకర్ కుడిచెయ్యి నూలుతాడుతో కట్టి ఉంది. గడ్డం మాసిపోయింది, పెదాలు పగిలాయి. అక్కను చూడగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అక్కా, ఇచ్చెయ్యే. నీ దండం పెడ్త, ఇచ్చెయ్యి."

"తెచ్చినరా. భయపడకు" అంది పద్మలత.

మిషన్ పక్కన కుర్చీలో దేవదాస్ కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, మంచి బట్టలే, కానీ నిద్రలేక ముఖం పీక్కుపోయింది. "కూసో తాయీ" అన్నాడు, అక్కను మరాఠీలో పిలిచినట్టు. మర్యాదకు లోటు లేదు, అదే ఇంకా భయం వేసింది. "నా ఇంటామెకు పక్షవాతమొచ్చి రెండేండ్లైంది. మాట లేదు, లేవలేదు. డాక్టర్లు చేతులెత్తేసిండ్రు. ఎర్ర పాదరసం ఒక్క బొట్టుతోని లేస్తదని రంజిత్ చెప్పిండు. నాకు ఆ బొట్టు కావాలె, ఇంకేమొద్దు. ఇయ్యి, మీ తమ్మున్ని తీస్కపో."

రంజిత్ ముందుకొచ్చాడు. చేతిలో అద్దం, ఎల్లిగడ్డ. నలభై లోపు వయసు, నున్నగా దువ్విన జుట్టు. పాత రేడియోలు పరీక్ష చేసేవాడినని చెప్పుకుంటాడు. ఊళ్లకు ఊళ్లు తిరిగి పెట్టెలు కొన్నదీ, పగలగొట్టించిందీ అతనే. చాలా ఇళ్లకు దారి చూపించింది సుధాకర్ నోరు. రంజిత్ నీలం వాల్వును అందుకుని అద్దం ముందు పెట్టాడు. వెండిబొట్టు అద్దంలో శుభ్రంగా కనపడింది. ఎల్లిగడ్డ ఆనించాడు. బొట్టు కదలలేదు.

"గిది ఉత్త పాదరసం సేట్" అన్నాడు తీరిగ్గా. "ఎర్రది తీసేసిండ్రు. ఈ అక్క చెయ్యి సంగతి నీకు తెలుసు గద. వాల్వు లోపల ఏమున్నదో ఈమెకు తెల్వనిదున్నదా? తీసి దాచుకున్నది."

ఇన్నేళ్లు సంపాదించుకున్న పేరు ఒక్క మాటతో తన మెడకే చుట్టుకోవడం పద్మలత చూసింది. "లేదు సేట్. అసలు ఎర్ర పాదరసమన్నదే లేదు."

"నువ్వే చెప్పినవ్ గదనే!" అని అరిచాడు సుధాకర్. "దసరానాడు నీ నోటితోనే చెప్పినవ్, పాదరసం ఉంటదని. ఎందుకు దాస్తున్నవ్? నా చెయ్యి కన్న ఎక్కువనా అది నీకు?"

ఆమెకు అంతవరకూ ఉన్న భయమంతా ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. తమ్ముడు నమ్మాడు. వాళ్లు కట్టేస్తే ఒప్పుకున్నాడని కాదు, నిజంగానే అక్క దాచిందని నమ్మాడు.

దేవదాస్ స్విచ్ దగ్గరున్న మనిషికి తలూపాడు. బెల్టు కదిలింది, రోలర్లు తిరగడం మొదలుపెట్టాయి. సుధాకర్ చెయ్యి బల్ల మీద వాటికి జానెడు దూరంలో ఉంది. నేల అదిరింది.

"ఆగుండ్రి!" అంది పద్మలత. "ఎర్ర పాదరసం ఎట్లుంటదో నేను నా జన్మల చూడలే. మీ దగ్గరుంటే చూపెట్టుండ్రి. చూస్తే, నా దగ్గర ఉన్నదో లేదో చెప్త."

దేవదాస్ జేబులోంచి చిన్న మఖమల్ సంచి తీశాడు. రంజిత్ నమూనాగా ఇచ్చింది. అది చూసే దేవదాస్ నమ్మాడు, అది పెట్టుకునే రోజూ భార్య తలగడ పక్కన కూర్చుంటాడు. సంచిలోంచి బొటనవేలంత వాల్వు బయటికొచ్చింది. గాజు ముదురు ఎరుపు, లోపల ఏమీ కనపడదు. నిండా ఏదో ఉన్నట్టే ఉంది. ఇందులో ఉన్నది ఒక మనిషికి చాలదని, నిండు పెట్టె దొరికితేనే మందు అవుతుందని రంజిత్ చెప్పి ఉన్నాడు.

"ముట్టనియ్యకు సేట్!" అన్నాడు రంజిత్. "మనిషి చెయ్యి తగిల్తే గుణం పోతది."

"ఈ తాయి చెయ్యి తగిలి పాడైన వాల్వు ఒక్కటి లేదని నాగపూర్ దాకా తెలుసు" అన్నాడు దేవదాస్. వాల్వును పద్మలత అరచేతిలో పెట్టాడు. మిషన్‌ను మాత్రం ఆపమనలేదు.

ఆమె గుప్పిట మూసింది. చెయ్యి చల్లగా ఉంది, వాల్వు ఇంకా చల్లగా ఉంది. ఏమీ కాలేదు. రోలర్లు తిరుగుతున్నాయి. సుధాకర్ ముఖం అటు తిప్పుకున్నాడు.

"చూసినవా సేట్, ఎలగలే" అని నవ్వాడు రంజిత్. "దీంట్ల ఉన్నది అసొంటి సరుకు."

"వేడెక్కాలె" అంది పద్మలత.

"ఎంతసేపు?"

"వేడెక్కేదాకా."

గుప్పిట బిగించి నిలబడింది. జీవితంలో ఎప్పుడూ ఆమెకు ఆ సమయం బరువనిపించలేదు. ఇవాళ ప్రతి ఊపిరికీ తమ్ముడి వేళ్లు కనపడుతున్నాయి. ఇది చచ్చిన వాల్వయితే? అప్పుడు వెలగదు, అంతటితో సరి. బతికున్నదో లేదో చూడకుండా చెప్పడం ఆమెకూ రాదు. స్విచ్ దగ్గరి మనిషి ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చాడు. కిటికీలో ఎండ ఎర్రబడింది. రంజిత్ అద్దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. అతని నుదుట చెమట పట్టింది. ఆ చలిలో అక్కడ చెమట పట్టింది అతనొక్కడికే.

ఆమె వేళ్ల సందులో అగరొత్తి కొసంత వెలుగు పుట్టింది.

రంజిత్ ఒక్క దూకు దూకాడు. ఆమె మణికట్టు మెలితిప్పి వాల్వును లాక్కున్నాడు. "గుణం పోయింది సేట్, ఖరాబ్ చేసింది!" అని అరుస్తూ నేలకేసి కొట్టబోయాడు. పద్మలతకు ఇక అయిపోయిందనిపించింది. ఆమె చెయ్యి వదిలిన వాల్వు క్షణంలో ఆరిపోతుంది, ఎప్పుడూ అంతే.

ఆరిపోలేదు.

ఎత్తిన రంజిత్ గుప్పిట్లోంచి వెలుగు కారుతోంది. పెరుగుతోంది. అతను చెయ్యి కిందికి దించి, అది తనది కానట్టు వేళ్లు విప్పాడు. అరచేతిలో వాల్వు దివ్వెలా నిలిచి వెలుగుతోంది. లోపల సన్నని తీగలు, రేకు ముక్క, మిగతా అంతా ఖాళీ. ఎరుపు ఉన్నది గాజు మీద. కుంచె గీతలు అడ్డదిడ్డంగా కనపడుతున్నాయి, ఒకచోట కుంచె వెంట్రుక కూడా రంగులో అతుక్కుపోయి ఉంది.

వాల్వు అతని చేతిలో వెలిగినందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరూ ఆ రంగునే చూస్తున్నారు. పద్మలత ఒక్కతే అతని చేతిని చూసింది. ఇది తనకొక్కదానికే ఉందనుకుంది ఇన్నేళ్లూ. వీడికీ ఉంది. వీడికి తెలియదు, అంతే. ఇన్ని వందల వాల్వులు పట్టుకున్నాడు, ఒక్కదాన్ని కూడా వేడెక్కేదాకా పట్టుకోలేదు.

దేవదాస్ లేచి దగ్గరికొచ్చాడు. "గిదేంది రంజిత్?"

రంజిత్ ఆ కుంచె గీతల మీద బొటనవేలు రాశాడు. చేతిలో వెలుగు అలాగే ఉంది. "రంగు సేట్" అన్నాడు చివరికి. "గోర్ల రంగు. ఆడోళ్లు పెట్టుకునేది."

దేవదాస్ వెలుగును చాలాసేపు చూశాడు. "ఐతే ఆమె లేవదు" అన్నాడు. ఎవరితోనూ కాదు, తనతోనే. ఆ మాట విన్నాక అతని మీద పెట్టుకున్న కోపం పద్మలతకు ఎటు పోయిందో తెలియలేదు.

"బంద్ చెయ్" అన్నాడు దేవదాస్. రోలర్లు ఆగాయి. తనే వంగి సుధాకర్ చేతికున్న తాడు విప్పాడు. ముడి బిగుసుకుపోయి ఉంటే పళ్లతో లాగాడు.

గేటు దగ్గరి మనుషులు ఆ ఖాళీ అయిన చోటికి రంజిత్‌ను ఈడ్చుకొచ్చారు. ఎవరూ చెప్పకుండానే ఒకడు అతని చేతిని బల్ల మీద అదిమాడు, స్విచ్ దగ్గరి మనిషి మళ్లీ దాని మీద చెయ్యి వేశాడు. రంజిత్ అరవలేదు. వెలుగుతున్న వాల్వును మాత్రం వదల్లేదు. పోనీ ఆ చెయ్యి, అనుకుంది పద్మలత. నిజంగానే అనుకుంది. తమ్ముడికి ఏం చేయబోయారో అదే వీడికి జరగనీ. కానీ వెలుగు కళ్ల ముందే ఉంది. దాన్ని చూస్తూ ఆ మాట లోపలే దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

"వద్దు సేట్. ఆ చెయ్యి ముట్టకుండ్రి. అది వెలుగుతున్నది."

స్విచ్ దగ్గరి మనిషి దేవదాస్ వైపు చూశాడు. దేవదాస్ తల అడ్డంగా ఊపాడు. కుప్ప వైపు చెయ్యి చూపించాడు. "గీ సామానంత నా కండ్ల ముందల ఉండొద్దు. ఎవరియి వాళ్లకు ఇచ్చి రా. బతికినయి, సచ్చినయి, అన్నీ. ఇచ్చేదాకా నీకు ఇంకో పని లేదు."

రంజిత్ కుప్ప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చేతికందిన విరిగిన పెట్టెలోంచి వాల్వు ఒకటి ఊడదీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆగాడు. వెలిగింది. "గిది ఉట్నూరు పంతులుది" అన్నాడు. ఇంకొకటి తీశాడు. ఎంతసేపు పట్టుకున్నా వెలగలేదు. "గిది ఇచ్చోడ ముసలామెది. ఆమె ఇయ్యనన్నది. నేనే ఒప్పించిన." తను అడుగుపెట్టిన ఒక్క ఇల్లు కూడా అతనికి మరుపు లేదు. వెలగని వాల్వును పక్కన పెట్టలేక, దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

*

లక్ష్మీకాంతరావుగారి పెట్టెను సుధాకర్ ఒక్కడే భుజాన వేసుకుని గేటు దాకా మోశాడు. ఆగి ఉన్న ఆటోలో పెట్టాడు. మణికట్టు మీద తాడు గుర్తు ఎర్రగా ఉంది. అక్క ముఖం చూడలేక నేల చూశాడు.

"నువ్వు దాచినవనుకున్ననే."

"తెలుసు."

"అనద్దుండె. భయంతోని..."

"భయంతోని అనలేరా. నమ్మి అన్నవ్." పద్మలత కళ్లు తుడుచుకుంది. తిట్టడానికి బస్సులో దాచుకున్న మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. "నడువ్. అవ్వ ఇంతసేపు తినకుండ కూసుంటది."

సుధాకర్ కదల్లేదు. గోదాము తలుపులోంచి రంజిత్ కనపడుతున్నాడు. మందమర్రి కాలనీ నుంచి వచ్చిన రేడియో ఒకటి ముందర పెట్టుకుని, ఏ వరసలో ఏ ఇంటిదో తెలియక, తల పట్టుకుని ఉన్నాడు.

"మందమర్రి ఇండ్లు ఆయనకు దొరకయే" అన్నాడు సుధాకర్. "కాలనీ బయటనే నిలబడేటోడు. లోపలికి పోయి అడిగింది నేను. నన్ను చూసి ఇచ్చిండ్రు వాళ్లు."

"ఐతే?"

సుధాకర్ ఆటోలో పెట్టిన తన సంచిని కిందికి దించుకున్నాడు.

"పాగల్ అయినవారా?" పద్మలత గొంతు పెరిగింది. "నిన్ను తీస్కపోవడానికి నేను ఎట్లొచ్చిన్నో తెలుసా? అవ్వకు ఏం చెప్పాలె?"

"నువ్వు పో అక్కా. నేను ఒక్కొక్క ఇంటికి పోయి ఇచ్చి వస్త."

మిల్లు అరుగు మీద దేవదాస్ నిలబడి ఉన్నాడు. "ఫికర్ చెయ్యకు తాయీ" అన్నాడు. "ఇప్పటిసంది ఈ పిలగాని మీద ఈగ వాలనియ్య. నా జబాన్ ఇది, మాట తప్ప." సుధాకర్ అప్పటికే గోదాము వైపు నడుస్తున్నాడు. పద్మలత వెనక్కి పిలవబోయింది. ఇప్పుడు వాణ్ని ఎవరూ కట్టేయలేదని తట్టి, పిలవలేదు.

కరీంనగర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. వాల్వులు ఒడిలో నిలబడి ఉన్నాయి. పక్కసీటు ఖాళీ. బస్సు ఊరు దాటుతుండగా అవ్వ ఫోన్ చేసింది.

"దొరికిండానే?"

"దొరికిండు అవ్వా."

"ఫోనియ్యి వానికి. గొంతు విననీ."

పద్మలత ఖాళీ సీటు వైపు చూసింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె గొంతు వణకలేదు.

"పని మీద పోయిండు. వస్తడు, నువ్వు తిని పండుకో" అంది.